మంచం పక్కన స్టూలు

(మత్తు విముక్తి వార్డులో పనిచేసే ఒక తోటి సహాయకుడి అభిప్రాయం)



మన ఆసుపత్రిలో తాగుడు మాన్పించే వార్డుకి ఎప్పుడైనా వచ్చినవారు అక్కడ డాక్టరుగారిని, సిస్టర్లను, కౌన్సిలరు అమ్మగారిని చూసి ఉంటారు. వాళ్లతో పాటు తెల్లకోటు లేని మనిషి ఒకడు కూడా ఉంటాడు. రోగి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు. కాసేపు మాట్లాడతాడు, ఎక్కువసేపు ఊరికే కూర్చుంటాడు. వార్డుబాయి అనుకుని మంచినీళ్లు తెమ్మన్నవారు కూడా ఉన్నారు. తెచ్చి ఇచ్చాను. ఆ మనిషిని నేనే.

నా ఉద్యోగాన్ని పీర్ సపోర్టర్ అంటారు. తెలుగులో తోటి సహాయకుడు అనుకోండి. తాగుడు నుంచి బయటపడి, కొన్నేళ్లు నిలదొక్కుకుని, శిక్షణ తీసుకున్న మనిషి, ఇప్పుడు బయటపడాలని చూస్తున్నవాళ్లకు తోడుగా ఉండటమే ఈ పని. నేను చదివింది పదో తరగతి. ఇక్కడికి రాకముందు బోరు మోటార్లకు వైండింగు చేసేవాణ్ణి. ఈ ఉద్యోగానికి నాకున్న మొదటి అర్హత ఏమిటంటే, ఒకప్పుడు నేనూ అదే మంచం మీద వణుకుతూ పడుకోవడం.

ఈ పని గురించి నాకొక గట్టి అభిప్రాయం ఉంది. తాగుడు మానిన మనిషి మనకు దొరకగానే మన సంఘాలు అతణ్ణి వేదిక ఎక్కిస్తాయి, సాక్ష్యం చెప్పిస్తాయి. అంత తొందర పడవద్దని నా మనవి. అతను కొన్నేళ్లు నిలబడ్డాక ఇంకో రోగి పక్కన కూర్చోబెడదాం. కూర్చోబెట్టేముందు శిక్షణ ఇద్దాం, పైన చూసుకునే మనిషిని పెడదాం, చేసిన పనికి జీతం ఇద్దాం. ఇలా ఎందుకు అంటున్నానో చెబుతాను.

నాలుగో నెలలో చప్పట్లు

2009లో నా భార్య నన్ను మొదటిసారి ఆసుపత్రిలో చేర్పించింది. పది రోజులు ఉన్నాను. ఇంటికి వచ్చాక తాగలేదు. మూడు నెలలు గడిచాయి. నాలుగో నెలలో ఒక పట్టణంలో పెద్ద కూటాలు జరిగాయి. నన్ను పిలిచి మైకు ఇచ్చారు. పిలిచినవాళ్లకు నా మీద ప్రేమే తప్ప వేరే ఉద్దేశం లేదు. నేనూ సంతోషంగానే ఎక్కాను.

అక్కడ నేను ఒక సంగతి గమనించాను. ఎంత ఎక్కువ తాగానని చెబితే అంత గట్టిగా స్తోత్రాలు వినిపించాయి. భార్య పుస్తెలు తాకట్టు పెట్టానని చెప్పినప్పుడు జనం నిశ్శబ్దంగా విన్నారు. ఇప్పుడు మానేశానని చెప్పినప్పుడు చప్పట్లు మోగాయి. తరువాతి వారం ఇంకో ఊరు పిలిచింది. గోడల మీద నా ఫొటోతో పోస్టర్లు పడ్డాయి. షాపు మూతపడింది. ఆసుపత్రికి నెలకోసారి చూపించుకోవడానికి రమ్మన్నారు. విడుదల పొందినవాడికి ఇంకా మాత్రలెందుకని ఒకరు అన్నారు. నాకు కూడా నిజమే అనిపించింది. వెళ్లడం మానేశాను.

ఆరో నెలలో బాకీ విషయమై బావమరిదితో మాటా మాటా పెరిగింది. ఆ సాయంత్రం ఊరి చివర బెల్టు షాపు దగ్గర ఆగాను. ఒక్క క్వార్టరు అనుకున్నాను. తాగుడు అలవాటైనవాళ్లకు ‘ఒక్కటి’ అంటే ఏమిటో తెలుసు.

మరుసటి రోజు నేను డాక్టరు దగ్గరికి వెళ్లి, అయ్యా, జారిపోయాను అని చెప్పి ఉంటే నా జీవితంలో రెండేళ్లు మిగిలేవి. వెళ్లలేకపోయాను. బస్టాండు గోడ మీద నా పోస్టరు ఇంకా ఉంది. అందులో నేను నవ్వుతున్నాను. ఆదివారం గుడికి వెళ్లడానికి ముఖం చెల్లలేదు. ఆసుపత్రికి వెళితే సంఘంవాళ్లు ఎవరైనా కనిపిస్తారని భయం. మామూలు తాగుబోతుగా ఉన్నప్పుడు లేని సిగ్గు, మానేసినవాడిగా పేరు పడ్డాక తాగినందుకు వచ్చింది. ఆ సిగ్గుతోనే ఇంకా తాగాను.

2011లో ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. రిటైరైన మిల్లు కార్మికుడు. నా భార్య ఎవరి ద్వారానో కబురు పెట్టింది. ఆయన అరుగు మీద కూర్చుని, టీ తాగి, “నేను మూడుసార్లు మానేసి మూడుసార్లు పడ్డాను తమ్ముడూ. నీకిది ఎన్నోసారి?” అని అడిగాడు. అప్పటికి రెండేళ్లుగా అందరూ నన్ను ఎందుకు తాగావనే అడుగుతున్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఎన్నోసారి అన్నదానికి మాత్రం జవాబు ఉంది. “రెండోసారి అన్నా” అన్నాను. ఆ వారంలోనే మళ్లీ ఆసుపత్రిలో చేరాను. అప్పటినుంచి తాగలేదు.

ఆ పెద్దాయన నాకు కొత్త సంగతి ఏదీ చెప్పలేదు. తాను పడ్డ గుంత గురించి సిగ్గుపడకుండా చెప్పాడు, అంతే. తోటి సహాయకుడి పని అంతా దాదాపు ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

ఇది కొత్త పద్ధతి కాదు

ఈ పద్ధతికి 1935లో అమెరికాలోని అక్రాన్ అనే ఊళ్లో జరిగిన ఒక సంగతి మూలం. బిల్ విల్సన్ అనే ఆయన తాగుడు మాని అప్పటికి కొన్ని నెలలే అయింది. వ్యాపార పని మీద ఆ ఊరు వెళ్లాడు. పని చెడిపోయింది. హోటల్లో బారు నుంచి మాటలు, నవ్వులు వినిపిస్తున్నాయి. తాగాలనిపించింది. అప్పుడాయన గుడుల ఫోను నంబర్లు చూసి ఒక పాదిరిగారికి ఫోను చేశాడు. తాను మాట్లాడటానికి ఇంకొక తాగుబోతు కావాలని అడిగాడు. అలా ఆయనకు పరిచయమైనవాడు డాక్టర్ బాబ్ స్మిత్. ఈయన శస్త్రచికిత్సలు చేసే డాక్టరు, తాగుడు మానలేక నలిగిపోతున్నవాడు. పదిహేను నిమిషాలే కూర్చుంటానని వచ్చి గంటల తరబడి మాట్లాడాడు. ఆయన చివరిసారి తాగినట్లు చెప్పే 1935 జూన్ 10ని ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ, తన పుట్టినరోజుగా లెక్కపెడుతుంది.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. ఆ డాక్టరుకి మద్యం కాలేయాన్ని ఏం చేస్తుందో మనందరికన్నా బాగా తెలుసు. ఆ తెలివి ఆయన్ని ఆపలేదు. ఇంకొకటి, బిల్ ఆ రోజు ఎదుటివాడిని రక్షించడానికి వెళ్లలేదు, తాను తాగకుండా ఉండటానికి వెళ్లాడు. ఒకరికొకరు మందయ్యారు.

మిషను ఆసుపత్రిలో ఉన్న మనకు ఇంకో సంగతి తెలియాలి. 1939లో అదే అక్రాన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో రోగులను చేర్చుకునే విధుల్లో ఉన్న సిస్టర్ ఇగ్నేషియా అనే కన్యస్త్రీ, డాక్టర్ బాబ్‌తో కలిసి తాగుబోతులను వార్డులో చేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో తాగుబోతుకు మంచం ఇవ్వడానికి ఆసుపత్రులు ఒప్పుకునేవి కావు. మొదటి రోగిని కడుపులో మంట జబ్బుగా రాసి చేర్చుకోవలసి వచ్చింది. వైద్యం డాక్టర్లు చేశారు, సేవ సిస్టర్లు చేశారు. అంతకుముందు మానేసినవాళ్లు వచ్చి ఆ మంచాల పక్కన కూర్చున్నారు. ముగ్గురూ కలిస్తేనే ఆ వార్డు నడిచింది.

మన దేశంలో ఎంత అవసరం

2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ డాక్టర్లు చేసిన జాతీయ సర్వే నివేదిక వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని, వారిలో 5.7 కోట్ల మందికి పైగా దానివల్ల హాని పొందుతూ సహాయం అవసరమైన స్థితిలో ఉన్నారని తేల్చింది. మద్యానికి పూర్తిగా బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స అందినవారు 38 మందిలో ఒక్కరే. ఆసుపత్రిలో మంచం దొరికినవారు 180 మందిలో ఒక్కరు.

ఆ మిగిలిన 37 మంది ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లందరికీ సరిపడా మానసిక వైద్యులు మనకు లేరు. ఇప్పట్లో రారు కూడా. అందువల్ల డాక్టరు కాని మనిషి చేయగల పనులేమిటో చూసి, వాటిని అతనికి నేర్పి అప్పగించక తప్పదు.

ఇలా నేర్పితే ఫలితం ఉంటుందా అంటే, ఉంటుందనే ఆధారాలు చెబుతున్నాయి. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన, మితిమీరి తాగే మగవాళ్లకు, వైద్య చదువు లేని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి కౌన్సిలింగు చేయించారు. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. మూడు నెలలకు కౌన్సిలింగు పొందినవారిలో 36 శాతం మంది ప్రమాదకరంగా తాగే స్థితి నుంచి బయటపడ్డారు. పొందనివారిలో 26 శాతం. ఏఏ తరహా కార్యక్రమాల మీద 2020లో కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను కలిపి చూసింది. పూర్తిగా మానేసి అలాగే కొనసాగే విషయంలో, పద్ధతి ప్రకారం జరిపిన అలాంటి కార్యక్రమాలు ఇతర చికిత్సలకన్నా మెరుగ్గా ఉన్నాయని తేల్చింది. అద్భుతమైన అంకెలు కావు, నిజమే. కానీ ప్రతి వందమందిలో అదనంగా బయటపడిన ఆ పదిమంది వెనక పది కుటుంబాలు ఉంటాయి.

మనవాళ్లకు ఈ పద్ధతి బొత్తిగా కొత్త కూడా కాదు. హెచ్ఐవి నివారణ పనిలో పీర్ ఎడ్యుకేటర్లు మన జిల్లాల్లో తిరగడం మీరు చూశారు. డాక్టరు అడుగుపెట్టలేని చోటికి వాళ్లు వెళ్లగలిగారు.

మద్యం దుకాణాలు మూసేస్తే చాలదా అని కొందరు పెద్దలు నన్ను అడుగుతారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన సంగతి మనకు గర్వకారణం. ఆ పోరాటం వల్లే 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలిపోయింది. దుకాణం మూస్తే కొత్తగా తాగేవాడు తగ్గుతాడు, ఇంట్లో కూలి డబ్బులు మిగులుతాయి. అందుకు నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ పదిహేనేళ్లుగా తాగుతున్నవాడికి దుకాణం మూసిన రాత్రి ఏం జరుగుతుందో అది ఇంకో సమస్య. ఆ రాత్రి అతని పక్కన మనిషి కావాలి.

మేము చేసేది, చేయనిది

ఆ మనిషి ఊరికే కూర్చుంటే ఏం లాభం అని అడగవచ్చు. ఒక రాత్రి సంగతి చెబుతాను. వార్డులో ఒకాయన చేరి మూడో రోజు. రాత్రి పదకొండు దాటాక దుప్పటి మీద లేని చీమలను ఏరి పారేస్తున్నాడు. ఒళ్లంతా చెమట. గోడ వైపు చూసి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. దయ్యం పట్టిందని బంధువులు ప్రార్థన మొదలుపెట్టారు. నేను పరుగెత్తి సిస్టరుగారిని పిలిచాను. ఆవిడ వెంటనే డ్యూటీ డాక్టరుకి కబురు చేశారు. ఆయనకు సమయానికి మందు అందింది. ప్రార్థన చేయవద్దని నేను అనలేదు. సిస్టరు వచ్చేదాకా ఆగకుండా ముందు సిస్టరును పిలవాలని మాత్రం నాకు శిక్షణలో నేర్పారు.

మీరు కూడా ఇది గుర్తుంచుకోండి. చాలా ఏళ్లుగా రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించవచ్చు. ఇది ప్రాణం తీయగల స్థితి. అందుకే అలాంటివాళ్లు డాక్టరు పర్యవేక్షణలోనే ఆపాలి. గదిలో పెట్టి తాళం వేయడం, ఏడు రోజుల ఉపవాసానికి కూర్చోబెట్టడం చాలా ప్రమాదం. అలాగే తాగకుండా చేసే మాత్రను అతనికి తెలియకుండా కూరలో కలిపి పెట్టవద్దు. ఆ మాత్ర మీద తాగితే గుండె మీదికి వస్తుంది.

ఇక మేము చేసే పనులు చిన్నవి. మొదటి రాత్రులు పక్కన కూర్చుంటాం. డాక్టరుగారు చెప్పింది అర్థం కాకపోతే మన మాటల్లో చెబుతాం. ఇంటికి వెళ్లే రోజు సాయంత్రం ఏ దారిలో వెళ్లాలో ముందే మాట్లాడుకుంటాం, ఎందుకంటే పాత దారిలో పాత దుకాణం ఉంటుంది. పెళ్లికో చావుకో వెళ్లవలసి వస్తే ఎవరి పక్కన కూర్చోవాలో, ఎన్నింటికి లేచి రావాలో అనుకుంటాం. మళ్లీ చూపించుకునే రోజు ఓపీ దగ్గర నిలబడి ఎదురు చూస్తాం. రాకపోతే ఫోను చేస్తాం.

చేయనివి కూడా ఉన్నాయి. మందులు ఇవ్వం, ఆపమని చెప్పం. డబ్బు అప్పు ఇవ్వం, పుచ్చుకోం. ఇక ఎప్పటికీ తాగడని ఏ భార్యకీ మాట ఇవ్వం. అలా మాట ఇవ్వగలిగినవాడు భూమ్మీద లేడు.

దొంగ చేతికి తాళాలా?

తాగుబోతును తాగుబోతుకే కాపలా పెడితే దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్లు కాదా అని ఒక సంఘ పెద్ద నన్ను ముఖం మీదే అడిగారు. నాకు కోపం రాలేదు. ఆయన భయంలో నిజం ఉంది. తోటి సహాయకుడు కూడా జారవచ్చు. రోజూ తాగినవాళ్ల మధ్య కూర్చుని వాళ్ల కథలు వింటుంటే పాత కోరికలు లేస్తాయి. నాకూ లేచాయి. మొదటి ఏడాది ఒక కుర్రాడు కాలేయం పాడై మా కళ్ల ముందే చనిపోయాడు. ఆ రాత్రి ఇంటికి వెళ్లే దారి నాకు చాలా పొడవుగా అనిపించింది. మరునాడు పొద్దున్నే కౌన్సిలరు అమ్మగారి ముందు కూర్చుని ఏడ్చాను. ఆవిడ లేకపోతే ఎక్కడికి వెళ్లేవాణ్ణో తెలియదు.

అందుకే ‘మానేశావుగా, ఇక నువ్వే అందరినీ మాన్పించు’ అని భుజం తట్టి పంపేయడాన్ని నేను వ్యతిరేకిస్తున్నాను. అది వేదిక ఎక్కించడం కన్నా పెద్ద తప్పు. నా లెక్కలో కనీసం రెండేళ్లు తాగకుండా ఉన్నవాణ్ణే ఈ పనికి తీసుకోవాలి. అతని సొంత మీటింగు, సొంత చికిత్స ఆగకూడదు. వారానికోసారి అతని మంచిచెడ్డలు అడిగే పెద్ద ఒకరు ఉండాలి. జారిపోతే అతణ్ణి వెలివేయకూడదు. పని నుంచి పక్కన పెట్టి, రోగిగా చేర్చుకోవాలి. వైద్యం చేయించాలి. తిరిగి ఎప్పుడు పనిలోకి రావాలో డాక్టరు చెప్పాలి. ఇది ముందే తెలిస్తే జారినవాడు దాచుకోడు.

ఇంకో ప్రమాదం మాలోనే ఉంది. మానేసినవాడికి తాను మానేసిన దారే దారి అనిపిస్తుంది. నాకు మాత్రలు లేకుండా కుదిరింది కాబట్టి అందరికీ కుదరాలని నేను అనుకునేవాణ్ణి. డాక్టరుగారు రాసిన మందులు వాడి, రోజూ పనికి వెళుతూ, పిల్లల ఫీజులు కట్టుకుంటున్నవాళ్లను చూశాక నా గర్వం అణిగింది. శిక్షణ లేని సహాయకుడు మంచి మనసుతోనే మందు ఆపించి మనిషిని చంపగలడు.

మూడోది గుట్టు. పట్నంలో పెద్ద ఆసుపత్రిలో పనిచేసే సహాయకుడికి రోగి ముఖం మళ్లీ కనిపించకపోవచ్చు. నా సంగతి అలా కాదు. వార్డులో నా ముందు ఏడ్చిన మనిషి ఆదివారం నా ముందు వరసలోనే కూర్చుంటాడు. అతని అత్తగారు మెట్ల దగ్గర నన్ను ఆపి, “బాబూ, మా అల్లుడు మళ్లీ మొదలెట్టాడా?” అని అడుగుతుంది. “అమ్మా, ఆ మాట ఆయన్నే అడగండి” అంటాను. ఆవిడకు కోపం వస్తుంది. రానివ్వండి. ప్రార్థన విన్నపం పేరుతో అయినా సరే, రోగి ఒప్పుకోకుండా అతని సంగతి నలుగురిలో చెప్పడం తప్పు. ఒక్కసారి గుట్టు బయటపడితే ఆ ఊరినుంచి ఇంకో రోగి రాడు.

సేవకు జీతమా?

ఇది అన్నిటికన్నా ఎక్కువగా వినే ప్రశ్న. ఏఏ సభ్యులు ఉచితంగా చేస్తారు కదా, మీకెందుకు జీతం అంటారు. ఏఏ సభ్యులు తోటివాళ్లకు చేసే సహాయానికి డబ్బు తీసుకోరు. అది వాళ్ల నియమం. దాన్ని గౌరవిస్తాను, నేనూ ఆ మీటింగులో కూర్చునేవాణ్ణే. కానీ మీటింగు సభ్యుడు తనకు వీలైనప్పుడు వస్తాడు. వార్డులో సహాయకుడు డ్యూటీ ప్రకారం రావాలి, రిజిస్టరులో రాయాలి, రాత్రి రెండింటికి లేవాలి, తప్పు చేస్తే జవాబు చెప్పాలి. ఇన్ని బాధ్యతలు పెట్టి కూలి ఎగ్గొడితే, ఇంట్లో బియ్యం నిండుకున్న రోజు అతను మళ్లీ మోటారు షాపుకే పోతాడు. అనుభవం వచ్చిన మనిషిని మనం పోగొట్టుకుంటాం.

అమెరికాలో పేదల ఆరోగ్య పథకమైన మెడికెయిడ్ ఈ పనికి డబ్బు చెల్లించవచ్చని 2007లో రాష్ట్రాలకు రాసింది. దానికి మూడు షరతులు పెట్టింది. సహాయకుడి పైన అర్హత ఉన్నవారి పర్యవేక్షణ ఉండాలి. అతని పని రోగి చికిత్సా ప్రణాళికలో భాగం కావాలి. అతనికి శిక్షణ, ధ్రువీకరణ ఉండాలి. మన దగ్గర అంత డబ్బు లేకపోవచ్చు. ఆ మూడు షరతులకు మాత్రం డబ్బుకన్నా మనసే ఎక్కువ కావాలి.

గాయపడి దారిలో పడి ఉన్న మనిషి కథ మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. మంచి సమరయుడు అతణ్ణి సత్రానికి చేర్చి ఊరుకోలేదు. చూసుకోమని సత్రం మనిషికి రెండు దేనారాలు ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. చూసుకునే పనికి ఖరీదు ఉంటుందని ఆయనకు తెలుసు.

ఆడవాళ్ల మాట మరవవద్దు

మా వార్డులో తోటి సహాయకులం అందరం మగవాళ్లమే. ఇది లోటు. తాగే ఆడవాళ్లు మగవాళ్లతో పోలిస్తే చాలా తక్కువ, కానీ ఉన్నారు. వాళ్లు వార్డుదాకా రారు. తాగే మగవాణ్ణి చూసి ‘పాపం’ అనే నోరే తాగే ఆడదాన్ని చూసి వేరే మాట అంటుంది. ఒక ఆడమనిషి సహాయకురాలిగా ఉంటే, ఆ ఒక్కరి కోసమైనా కొందరు తలుపు తడతారు.

తాగేవాడి భార్యకు కూడా తోడు కావాలి. బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో ఇంకొకావిడతో కలిసి కుటుంబాల కోసం అల్-అనాన్ అనే బృందాలను మొదలుపెట్టింది. భర్త మానేశాక కూడా తన కోపం, భయం పోకపోవడం చూసి ఇళ్లాళ్లకు వేరే తోడు కావాలని ఆవిడ గ్రహించింది. మా ఇంట్లోనూ అదే జరిగింది. నేను మానేసి మూడేళ్లయినా, సాయంత్రం పది నిమిషాలు ఆలస్యమైతే నా భార్య వీధి గుమ్మంలో నిలబడేది. మన స్త్రీల సమాజాలు నెలకొక సాయంత్రం ఇలాంటి ఇళ్లాళ్ల కోసం కేటాయించగలవు. ఉపన్యాసం అవసరం లేదు, టీ పెట్టి మాట్లాడుకోనిస్తే చాలు.

నా మనవి

పాస్టరు గార్లకు, సంఘ పెద్దలకు: మానేసి ఏడాది కూడా నిండనివాణ్ణి వేదిక ఎక్కించవద్దు. అతని ఫొటో గోడకు అంటించవద్దు. ఆసుపత్రికి వెళ్లే రోజు బస్సు ఛార్జీ ఇచ్చి పంపండి, అది పెద్ద సహాయం. రెండేళ్లు నిలబడినవాళ్లు మీ సంఘంలో ఉంటే, ఈ పని నేర్చుకుంటారేమో మెల్లగా అడగండి. వద్దంటే వదిలేయండి.

కుటుంబాలకు: మేము కూర్చున్నంత మాత్రాన మీ పని అయిపోదు, మా పనివల్ల డాక్టరు పని తగ్గదు. అతను జారితే మొదటి రోజే తీసుకురండి. తిట్టవలసి వస్తే ఇంటికి వెళ్లాక తిట్టండి.

ఇక ఒకప్పుడు పదిమంది ముందు సాక్ష్యం చెప్పి, చప్పట్లు కొట్టించుకుని, మళ్లీ తాగి, ఇప్పుడు గుడికీ ఆసుపత్రికీ ముఖం చూపించలేక తిరుగుతున్న తమ్ముడు ఎవరైనా ఈ పత్రిక చదువుతుండవచ్చు. కిరాణా కొట్లో పొట్లం కట్టిన కాగితంగా అయినా ఇది అతని చేతికి అందవచ్చు. తమ్ముడూ, నా పోస్టరు కూడా బస్టాండు గోడ మీద ఉండేది. వానకు తడిసి, దాని మీద సినిమా పోస్టరు పడి పోయింది. ఎవరికీ గుర్తు లేదు. ఓపీకి రా. రాలేకపోతే ప్రభుత్వ ఉచిత నంబరు 14446కి ఫోను చెయ్యి, తాగుడు మానడం గురించి చెబుతారు. బతకాలని అనిపించని రాత్రి అయితే 14416కి చెయ్యి, ఏ వేళనైనా మాట్లాడతారు.

వార్డులోకి వచ్చాక మంచం పక్కన స్టూలు మీద ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. ఎందుకు తాగావని అడగరు. ఎన్నోసారి అని మాత్రం అడుగుతారు. ఏ అంకె చెప్పినా ఫరవాలేదు.